నక్షలో ఎక్కించని పులితాత

మన చరిత్ర సంఘానికి నేను ఇప్పటికి తొమ్మిది ఉత్తరాలు రాశాను. మూడు రిజిస్టరు పోస్టులో పంపాను, ఆరు చేతికే ఇచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందిందని ఒక ముక్క కూడా లేదు. సమావేశంలో లేచి అడిగితే "ఇతర విషయాల్లో చూద్దాం, కూర్చోండి" అంటారు. ఇతర విషయాల దాకా వచ్చేసరికి టీ వస్తుంది. టీ వచ్చాక అందరూ లేస్తారు. ఒక వార్షికోత్సవంలో అరవై దాటిన సభ్యులకు శాలువాలు కప్పారు. నా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. "మీకు వచ్చే ఏడు" అన్నారు. ఆ వచ్చే ఏడు శాలువాలు మానేసి మొక్కలు ఇచ్చారు. హోసూరు నుంచి నా బస్సు ఆలస్యమై మొక్క కూడా అందలేదు. ఇవన్నీ నేను మరిచిపోయి ఉంటానని ఎవరైనా అనుకుంటే వారికి నేను తెలియదన్నమాట.

ఈసారి మన సంఘం సంచికలో ఉద్యోగ జ్ఞాపకాలు వేస్తున్నారని కూడా నాకెవరూ చెప్పలేదు. మా వీధిలో రిటైరైన పోస్టుమాస్టరు దగ్గర ఆ ఆహ్వానం చూశాను. సంచికలో తెలుగు పుటలు చూసే అమ్మాయి కడప వైపు నుంచి వచ్చి హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తోంది. ఆమెకు ఫోన్ చేస్తే, "ఎన్ని పేజీలైనా రాయండి సార్, తెలుగు పుటలకు రాసేవాళ్ళే దొరకడం లేదు" అంది.

"చదివేవాళ్ళు దొరుకుతారా?" అని అడిగాను.

"అధ్యక్షులు గారు ప్రూఫు చదువుతారు సార్" అంది.

అది చాలు నాకు. అయినా ఇది ఆయన ఒక్కరి కోసమే రాయడం లేదు. సర్వే శాఖలో కొత్తగా చేరే పిల్లలు చదవాలి. సంఘంలో కొత్తగా చేరి ఊళ్ళంట రాళ్ళు వెతికే పిల్లలు కూడా చదవాలి. దీని నకలు నా దగ్గర ఉంది. ఏ వాక్యం కోసేసినా నాకు తెలుస్తుంది.

నేను సర్వేయరుగా పనిచేశాను. హోసూరు, కృష్ణగిరి తాలూకాల్లో నేను తొక్కని గట్టు లేదు. మా పని బయటివాళ్ళు అనుకున్నంత కష్టం కాదు, మేము చెప్పుకున్నంత సులువూ కాదు. భూమి కొలవాలి, కొలిచింది నక్షగా గీయాలి, ఆ భూమిలో నిలబడి ఉన్నవన్నీ నక్షలో ఎక్కించాలి. బావికి ఒక గుర్తు, సమాధికి ఒక గుర్తు, గుడికి ఒక గుర్తు ఉంటాయి. ఒట్టి రాయైతే "రాయి" అని పక్కన రాస్తే సరిపోతుంది. రేపు ఆ భూమి మీదుగా రోడ్డు పోయినా కాలువ పోయినా, గుడి గుర్తు ఉన్నదాన్ని వేరే చోట ఎత్తి నిలబెట్టాల్సిన బాధ్యత సర్కారుది. ఒట్టి రాయైతే ఆ బాధ్యత ఎవరికీ లేదు. పెన్సిలుతో గీసే చిన్న గుర్తు అంత పని చేస్తుంది. అది గీయాలా వద్దా అన్నది పొలంలో నిలబడ్డ సర్వేయరు చేతిలోనే ఉంటుంది.

నాతో చివరి పన్నెండేళ్ళు ఒకే చైన్‌మన్ పనిచేశాడు. మత్తూరు మనిషి. గొలుసు లాగడానికి వచ్చినవాడే కానీ, నాకంటే ముందు గట్టు వాసన పట్టేవాడు. పేరుకు చైన్‌మన్, నోటికి మాత్రం పై ఆఫీసరు. శిష్యుడని నేను అనుకునేవాణ్ణి. తనేమనుకునేవాడో ఎప్పుడూ అడగలేదు.

నా రిటైర్మెంటుకు ఏడాది ముందు గురుబరపల్లి దగ్గర హైవే పక్క సర్వీసు రోడ్డుకు భూమి కొలిచే పని పడింది. ఒక చేనిలో సగం రాగి పైరు, సగం టమాటా. టమాటా కోసే ఆడవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. చేని మూలన కానుగ చెట్టు, దాని పక్కన నడుమెత్తు రాయి. ఆముదం పోసి పోసి రాయి నల్లగా, మందంగా, గడ్డకట్టిన బెల్లంలాగా ఉంది. ఆ నలుపులో ఎత్తిన చెయ్యి ఒకటీ, పులి చెవులు రెండూ మాత్రం పోల్చుకోవచ్చు. పశువుల కోసమో ఊరి కోసమో పోరాడి చచ్చినవాడికి వెనకటివాళ్ళు నిలబెట్టే వీరగల్లు అది. మన వైపు అలాంటివి చాలా ఉన్నాయి. రాయి ముందర ఒక అవ్వ కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

నేను మూడుకాళ్ళ స్టాండు రాయికి దగ్గరగా వేసి, మిషను దాని మీద బిగించి, నీటిబుడగ నడిమికి తెచ్చుకుంటున్నాను. అది ఓపికతో చేయాల్సిన పని. ఇంకో మర తిప్పితే కుదురుతుందనగా వెనక నుంచి కేక వినిపించింది.

"ఏమప్పా, కండ్లు లేవా నీకు? బూట్లేసుకొని పులితాత మిందికే పోతాండావు!"

"సర్కారు పని అవ్వా" అన్నాను తల తిప్పకుండా.

"సర్కారు పనైతే ఏమి? బూట్లు ఆడ ఇడిసిపెట్టి రా. కలెక్టరు వచ్చినా ఆడనే ఇడసాల."

నేను విడవలేదు. అవ్వ ఒడిలోని కాయలు పక్కన పెట్టి లేచింది. నా స్టాండును మిషనుతో సహా, ఇంట్లో కుర్చీ జరిపినట్టు, ఎత్తి నాలుగడుగుల అవతల పెట్టింది. "నీ మూడుకాళ్ళ కుర్చీ ఈడ ఏసుకో" అంది. టమాటా కోసే ఆడవాళ్ళందరూ నవ్వారు. మా చైన్‌మన్ కూడా నవ్వాడు. వాడు గట్టు దగ్గరే చెప్పులు వదిలేసి వచ్చాడని అప్పుడు చూశాను.

అవ్వ వాడికి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. "బూట్లాయనకు తాగేదానికి టైము యాడుంటాది, సర్కారు పని గదా" అంది. మళ్ళీ నవ్వులు. ఎండలో నిలబడి నీటిబుడగను మొదటి నుంచి కుదుర్చుకుంటూ నేను వినాల్సినవన్నీ విన్నాను.

చైన్‌మన్ మజ్జిగ తాగుతూ అడిగాడు. "పులితాత మీకేమైతాడమ్మా?"

"మా ఇంటి పెద్ద గదప్పా. దూడను పులి పట్టుకుంటే ఇడిపించబోయి చచ్చిపోయినాడు. దూడ బతికింది. ఆయప్ప కాళ్ళ కాడ కుక్క గూడ ఉంటాది, చూడు. తోక ఎనక్కి తిప్పుకోని ఉంటాది."

వాడు కూర్చుని రాయిని కిందనుంచి పైదాకా చూశాడు. "కుక్క యాడుందమ్మా? నాకు కనిపించలే."

"నూనె లోపలుంది. నేనూ చూసింది లేదు. మా అత్త చెప్పింది. మా అత్తకు వాళ్ళత్త చెప్పింది."

"నూనె తాగి నిద్రపోయినట్టుందిలే" అన్నాడు వాడు. అవ్వ పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది.

ఆ ఇంటి ఆచారం కూడా అప్పుడే చెప్పింది. ఇంటికి వచ్చిన కొత్త కోడలు మొదట పులితాతకు ఆముదం పోయాలి. అత్త పక్కన నిలబడాలి. ఆ తరువాతే ఆ పిల్ల విత్తనాల బుట్ట ఎత్తుకుని చేనిలోకి దిగవచ్చు. నూనె పోయని పిల్ల విత్తడానికి లేదు. ఎన్ని తరాల నూనో ఆ రాయి మీద గడ్డకట్టింది.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో కూర్చుని కొలతలు సాపు రాశాను. చైన్‌మన్ నా భుజం మీదుగా చూశాడు.

"సార్, పులితాతకు గుడి గుర్తు ఎయ్యలేదే?"

"గోడుందా? కప్పుందా? రాయి. రాయి అని రాసినాను గదా."

"దీపం పెడతారు గదా సార్. దీపం పెట్టే చోటంతా గుడేనని మీరే గదా నాకు నేర్పించినారు."

"నువ్వు గొలుసు చుట్టు" అన్నాను.

వాడు గొలుసు చుట్టాడు. పన్నెండేళ్ళలో నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పడం వాడికి అదే మొదటిసారి. నేను ఆ నక్ష కింద సంతకం పెట్టాను. పిల్లలారా, తొందరలో చేసిన తప్పని రాసుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది. తొందరేమీ లేదు. తీరిగ్గా, తెలిసి చేశాను. ఎవరైనా నన్ను చిన్నబుచ్చితే అది నాలో అరగదు. ఆ రోజు అది నా పెన్సిలు దాకా వచ్చింది.

కొన్ని నెలలకు తాలూకా ఆఫీసులో విచారణ జరిగింది. భూమి పోయేవాళ్ళు అభ్యంతరాలు చెప్పుకునే రోజు అది. పై ఆఫీసరు మంచివాడే, చిన్నవయసు, ఎవరినీ కసురుకునేవాడు కాదు. అవ్వ వంతు వచ్చింది. ఆఫీసులో నడిచేది తమిళం కాబట్టి తమిళంలోనే మాట్లాడింది. ఆ భాషలోనూ ఆమె నోరు అంతే.

"భూమి తీసుకోండి సామీ, రోడ్డు అందరికీ కావాల్సిందే. మా పులితాతను మాత్రం మిగిలిన చేనిలో గట్టు మీద మీరే ఎత్తి నిలబెట్టాల. నేను ముసిలిదాన్ని, ఎత్తలేను."

ఆఫీసరు నక్ష తిప్పి చూశాడు. "ఇందులో రాయి అని మాత్రమే ఉందమ్మా" అన్నాడు. తరువాత గోడ పక్కన కూర్చున్న నా వైపు తిరిగాడు. "మీరే కదా కొలిచింది. అక్కడ పూజ జరుగుతుందా?"

ఆయన నిజంగానే అడిగాడు. ఒక్క మాట అంటే చాలు, "జరుగుతుంది సార్, నేను ఎక్కించలేదు" అని. నక్ష దిద్దుకునే వీలు ఆ రోజు ఇంకా ఉంది. మహా అయితే నాకొక మెమో వచ్చేది. రిటైర్మెంటు కాగితాలు ఒక నెల ఆగేవి. ఈ భయం వల్లే నోరు విప్పలేదని మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మజ్జిగ చెంబు.

"నక్షలో ఏముందో అదే సార్" అన్నాను.

అవ్వ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. ఆఫీసరుతో మాత్రం ఇలా అంది. "ఈయప్ప ఆ పొద్దు బూట్లు ఇడవలేదు సామీ, అందుకే తాత కాడికి రాలేదు. కాడికి రాకుంటే ఏం తెలుస్తాది పాపం."

హాల్లో కొందరు నవ్వారు. నేను నవ్వులు లెక్కపెట్టుకునే మనిషిని. ఆ నవ్వును మాత్రం లెక్కలో వేసుకోలేకపోయాను. నా అబద్ధానికి సాకు ఆమే వెతికి ఇచ్చింది కదా.

నేను రిటైరయ్యాను, ఊరికే ఉండలేక సంఘంలో చేరాను. ఒక పొద్దున చైన్‌మన్ ఫోన్ చేశాడు.

"సార్, గురుబరపల్లిలో ఉండా. జేసీబీ వచ్చింది. అవ్వ రాయిని ఆనుకోని కూర్చోనుంది. లేయమంటే లేయదు. డ్రైవరు ఆమె లేచేదాకా తింటా ఉంటానని టిఫిను బాక్సు తెరిచినాడు. ఎంతసేపని తింటాడు సార్?"

నేను వెంటనే మన అధ్యక్షులు గారికి ఫోన్ చేశాను. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఫిర్యాదు చేసేవాడు ఎదుటివారి మంచిని దాచకూడదు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. బర్గూరు క్వారీల్లో పగలబోయే శాసనాల ముందు అడ్డంగా నిలబడి, లారీవాళ్ళ చేత తిట్లు తిని కాపాడిన మనిషి. నేను ఫోన్ పెట్టేసిన గంటన్నరలో వ్యాను, తాళ్ళు, గోనెసంచులు, ఇద్దరు మనుషులతో చేనిలో దిగారు. నడుం నొప్పి ఉన్నా రాయికి తనూ ఒక చెయ్యి వేశారు. ఆ రోజు ఆయన లేకపోతే పులితాత రోడ్డు కింద కంకరగా ఉండేవాడు.

అప్పటికి నేనూ హోసూరు నుంచి వచ్చి చేరాను. అవ్వ లేచి నిలబడి అడిగింది. "యాడికి తీసకపోతారప్పా?"

"కృష్ణగిరిలో మా చరిత్ర సంఘం హాలుకమ్మా. ఎండా వానా తగలకుండా భద్రంగా ఉంటుంది" అన్నారు అధ్యక్షులు గారు.

"ఎండా వానా లేకుండా ఆయప్ప ఎన్నడుండాడు?"

అప్పుడు నేను ముందుకు వచ్చాను. "రోడ్డు పని అయ్యేదాకానే అవ్వా. అది కాగానే నేనే తెచ్చి మీ గట్టు మీద నిలబెడతాను."

అవ్వ నన్ను పోల్చుకుంది. నన్ను వదిలేసి, అధ్యక్షులు గారినే అడిగింది. "అంతేనాప్పా?"

"అంతేనమ్మా" అన్నారాయన, తాడు ముడి వేస్తూ.

అవ్వ పసుపుతాడు ఒకటి రాయికి కట్టి పంపింది. ఆ రోజు నేను చెప్పులు గట్టు మీదే వదిలి వచ్చాను. ఎవరూ గమనించలేదు. ఆ మాట కాగితం మీద పెట్టించుకోవాలన్న బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు. గజం భూమికి నాలుగు సంతకాలు పెట్టించుకున్నవాణ్ణి, పులితాత కోసం ఒక్కటి పెట్టించుకోలేదు.

హాల్లో రాయిని శుభ్రం చేశారు. కుంకుడురసం, వెదురు పుల్లలు, మెత్తటి కుంచె వాడి నెల రోజులు ఓపిగ్గా చేశారు. ఇనుము తగలనివ్వలేదు. అది కూడా ఒప్పుకుంటాను. ఒక సాయంత్రం అధ్యక్షులు గారు ఫోన్లో పసిపిల్లాడిలా అరిచారు. "వెంటనే రండి! కింద మూడు వరసల శాసనం ఉంది. కుక్క కూడా బయటపడింది!"

నేను మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. మనిషి కాళ్ళ దగ్గర కుక్క. తోక వెనక్కి తిప్పుకుని ఉంది.

అవ్వ ఆ కుక్కను ఎన్నడూ చూడలేదు. ఆమె అత్త చూడలేదు. తరాల నూనె కింద ఉన్నదాన్ని తోకతో సహా ఆమె చెప్పింది, నేనూ చైన్‌మనూ చెవులారా విన్నాం. ఆ రాయి ఎవరిదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అధ్యక్షులు గారికి అదంతా చెప్పాను. ఆయన కళ్ళు శాసనం మీదే ఉన్నాయి. "చాలా మంచి జానపద గాథ. వ్యాసంలో పాదసూచికగా వేద్దాం" అన్నారు. వ్యాసం వచ్చింది. పాదసూచికలు పద్నాలుగు ఉన్నాయి. అందులో అవ్వ లేదు.

కొన్నాళ్ళకు రాయి పక్కన తమిళంలో బోర్డు పెట్టారు. "హైవే పనుల్లో దొరికిన వీరగల్లు. సంబంధీకులు తెలియరాలేదు."

రోడ్డు పని పూర్తయింది. రాయి మాత్రం హాల్లోనే ఉండిపోయింది. అదే ఏడాది అవ్వ మనవడికి పెళ్ళయింది. కోడళ్ళు పోయవలసిన నూనె ఇక మనవడి పెళ్ళాంగా వచ్చిన పిల్ల పోయాలి. అవ్వ కోడలు చనిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి పక్కన నిలబడవలసింది అవ్వే. ఆ పిల్ల హోసూరులో ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతుంది. సెలవు పెట్టి, సీసాలో ఆముదం పట్టుకుని, అవ్వను బస్సెక్కించుకుని కృష్ణగిరి వచ్చింది. నాకు ముందే కబురు పెట్టారు. నేనే హాల్లోకి తీసుకువెళ్ళాను.

అవ్వ రాయిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తోమిన రాయి బూడిద రంగులో, వెలుగులో, ప్రతి గీతా తెలిసేలా నిలబడి ఉంది. "ఇంత సన్నమా ఆయప్ప?" అంది. తరువాత దగ్గరికి వెళ్ళి కుక్కను చూసింది. చాలాసేపు చూసింది. "మా అత్త చెప్పింది నిజమేనే" అంది మనవడి పెళ్ళాంతో.

అధ్యక్షులు గారు కుర్చీ తెప్పించారు. అవ్వ కూర్చోలేదు. ఆ పిల్ల సీసా మూత తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దమ్మా, ముట్టుకోకూడదు."

"ముట్టుకోకూడదా?" అంది అవ్వ. "నెల దినాలు రుద్దిరుద్ది తోమినావు గదప్పా, అప్పుడు ముట్టుకోలేదా?"

"నూనె పడితే అక్షరాలు మళ్ళీ మూసుకుపోతాయమ్మా."

"మూసుకుంటే ఏమి? ఆయప్పకు కప్పుకునేదానికి అదే గదా ఉండేది."

"అవ్వా, రెండు చుక్కలు పోసేసి పోదాం, ఆ సారు అటు తిరిగినప్పుడు" అని ఆ పిల్ల చెవిలో చెప్పడం నాకు వినిపించింది. ఆయనకూ వినిపించి ఉంటుంది. అటు తిరగలేదు.

అవ్వ బోర్డు వైపు చూపించింది. "ఏం రాసినారప్పా దాంట్లో?"

చదివి చెప్పాను. ఆ మాటలో సగం నేను రాసిందే. నక్షలో నేను రాసిన "రాయి"కి అది కొనసాగింపు.

"మేము తెలీదంటనా?" అంది అవ్వ. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "ఎవరిని అడిగినారు? నన్ను అడిగినారా?"

అధ్యక్షులు గారు నొచ్చుకున్నారు. ఆయన దగ్గర వంశవృక్షాల ఫారాలు ఉంటాయి. ఊరూరా కుటుంబాల చరిత్ర సేకరించి అల్మారాలో పెట్టడం ఆయన సొంత ముచ్చట. ఒక ఫారం తీసి నాకిచ్చి, "పూర్తి చేయండి, రికార్డులో పెడదాం" అన్నారు. అవ్వ నేల మీద, పులితాత ముందర కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఫారంలో గడులు ఉన్నాయి. తండ్రి, తండ్రి తండ్రి, ఆయన తండ్రి. అవ్వ రెండు గడుల దాకా చెప్పి ఆగింది.

"మొగోళ్ళ పేర్లు నాకు అంతే తెలుసప్పా. నూనె పోసినోళ్ళ పేర్లు చెప్తా, రాసుకో."

మొదలుపెట్టింది. చనిపోయిన కోడలి పేరు, తన పేరు, తన అత్త పేరు, ఆ అత్తకు అత్త పేరు. ఒక్కొక్కరు ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చారో కూడా చెప్పింది. ఒకామె మత్తూరు, ఒకామె కోలారు వైపు, ఒకామె ఏడేళ్ళ పిల్లగా వచ్చిందట. అలా తొమ్మిది మంది. తడుముకోలేదు, వెనక్కి పోలేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు ఎవరూ ఆ వరసలో లేరు. అందరూ బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. పులితాతను ఇన్ని తరాలు మోసుకొచ్చింది వాళ్ళు. ఆ గడుల్లో వాళ్ళకు చోటు లేదు. నేను ఫారం అంచున, సన్నటి అక్షరాలతో, నిలువుగా రాసుకుంటూ పోయాను. చివర ఆ పిల్ల పేరు రాయబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పాప ఇంకా పోయలేదు గదప్పా. చోటు ఇడిసిపెట్టు."

అధ్యక్షులు గారు ఫారం చూసి మెల్లగా తల ఊపారు. "ఇది అత్తాకోడళ్ళ వరస. దీన్ని వంశవృక్షం అనలేం. తండ్రుల పేర్లు దొరికితే మళ్ళీ చూద్దాం." ఎర్రసిరాతో "అసంపూర్ణం" అని రాసి అల్మారాలో పెట్టారు. నేను లేచి అల్మారా నుంచి రాయి దాకా అడుగులు కొలిచాను. పాత అలవాటు. పది అడుగులు. ఆ కాగితం, ఆ రాయి ఒకదాన్నొకటి ఎరగనట్టు ఒకే గదిలో ఉన్నాయి.

ఆ వానాకాలం అవ్వ చేనిలో రాగి విత్తేటప్పుడు నేను వెళ్ళాను. విత్తనాల బుట్ట అవ్వ నెత్తి మీదే ఉంది. ఆ వయసులో ఆమె సాళ్ళ వెంట నడుస్తుంటే, పక్క చేని ఆడవాళ్ళు గట్టు మీద కూర్చున్న ఆ పిల్లను ఆటపట్టిస్తున్నారు. "ఏం పాపా, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరంట గదా నువ్వు? ఈడ గూడ ఊరికే సుమ్నే కూర్చోని చూసుకుంటా ఉండేదేనా?" ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. వాళ్ళు పోయాక నాతో అంది. "సార్, నాకు ఇయన్నీ పెద్ద పట్టింపు గాదు. అవ్వ బుట్ట ఇయ్యదు. అడిగితే, పెద్దాయన వచ్చినాక ఇస్తాలే అంటాది. ఆమె కాళ్ళు చూస్తిరా ఎట్ల వణకతాండాయో?" చూశాను.

ఆ వారమే సర్వే శాఖకు ఉత్తరం రాశాను. ఫలానా నక్షలో పూజ జరిగే చోటును తెలిసి కూడా నేను ఎక్కించలేదు, విచారణలో అడిగినప్పుడు నిజం చెప్పలేదు, తప్పు నాది అని సంతకం పెట్టి పంపాను. "మీరు రిటైరయ్యారు, రికార్డు ముగిసింది" అని మర్యాదగా జవాబు వచ్చింది. చూశారా, వాళ్ళు జవాబైనా ఇచ్చారు.

మన సంఘానికి రాసిన తొమ్మిది ఉత్తరాల్లో ఉన్నది కూడా ఇదే, ఇచ్చిన మాట ప్రకారం పులితాతను గట్టు మీదికి పంపండి, బోర్డు దిద్దండి అని. రాయి మీద సంఘానికి ఉన్న ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. అక్షరాలు పోతాయని అధ్యక్షులు గారి భయం న్యాయమైనదే. శాసనానికి అచ్చు తీశారు, ఫోటోలు తీశారు, వ్యాసం వేశారు. అవ్వ కూడా ఒక అడుగు ముందుకు వచ్చింది. "అక్షరాల మింద పడకుండా కాళ్ళ మింద మాత్రం పోస్తాంలే అని చెప్పప్పా ఆయనకు" అని నాతో చెప్పి పంపింది. ఏడో ఉత్తరంలో ఆమె మాటగా రాశాను. దానికీ జవాబు లేదు.

గట్టు మీద చోటు తయారుగా ఉంది. మా చైన్‌మన్ వచ్చి నాతో పాటు గుంట తీశాడు. అడుగున రాళ్ళు పేర్చి గట్టిపరిచాం. వాన నిలవకుండా నేనే వాలు చూసి పెట్టాను. ఆ చోటును నక్షగా గీసి, గుడి గుర్తు వేసి, దీనితో పాటు జతచేస్తున్నాను. సర్కారు రికార్డులో అది ఎక్కదు. మీ సంచికలోనైనా ఎక్కించండి.

అధ్యక్షులు గారూ, ప్రూఫులో మీరు ఇక్కడిదాకా చదివి ఉంటారు. చేనిలో తాడు ముడి వేస్తూ "అంతేనమ్మా" అన్నది మీరు. అది విన్నది అవ్వా, నేనూ, చైన్‌మనూ, మేము ముగ్గురం. ఆ మాట మీకు గుర్తుందా, లేదా? బోర్డు మీద "తెలియరాలేదు" అన్న ముక్క చెరిపేస్తారా, లేదా? నాకు జవాబివ్వడం చిన్నతనమనుకుంటే ఆమెకే చెప్పండి. ఆదివారం తప్ప అన్ని రోజులూ చేనిలోనే ఉంటుంది. ఇంకో నెలలో వానలు పడతాయి, మళ్ళీ విత్తుతారు. వ్యాను నేను మాట్లాడతాను, మనుషులను చైన్‌మన్ తెస్తాడు. ఏ రోజు రమ్మంటారో చెప్పండి.